జూలై నుంచి కొత్తవారికి వేరే బ్యాచ్: కారణాలు, నియమాలు, ఫీజు

కడపలోని మా యోగా కేంద్రానికి వస్తున్న వారికీ, ఈ నెలలో చేరతామని అడుగుతున్న వారికీ నమస్కారం. ఇంతవరకు యోగా చేయని వారిని పాతవారితో కలిపి కూర్చోబెట్టకుండా, జూలై 1 నుంచి ఉదయం ఆరున్నరకు వారికి వేరే బ్యాచ్ నడపాలని నిర్ణయించాను. అందులో పన్నెండు మందికి మించి చేర్చుకోను. దీనివల్ల ఫీజు కొంత పెరుగుతుంది, కొందరికి వీలైన సమయం దొరకకపోవచ్చు. అందుకే కారణాలను మీ ముందు ఉంచుతున్నాను.

ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో ప్రకటించిన అంతర్జాతీయ యోగా దినోత్సవాన్ని 2015 నుంచి ఏటా జూన్ 21న జరుపుకొంటున్నాం. ఆ రోజు మైదానంలో అందరితో కలిసి చేసిన ఉత్సాహంతో చాలామంది మా దగ్గరికి వస్తారు. ఆ ఉత్సాహమంటే నాకు ఎంతో గౌరవం. అయితే పక్క చాప మీద ఏళ్ల తరబడి సాధన చేస్తున్న వారు కనిపించగానే, కొత్తవారు తమ శరీరాన్ని వదిలేసి వారిని చూడడం మొదలుపెడతారు. నిలబడి ముందుకు వంగే పాదహస్తాసనంలో వేళ్లు ఎలాగైనా నేలకు తాకాలన్న పట్టుదలతో ఊపిరి బిగబట్టి, వీపును గుండ్రంగా వంచి, ఊగుతూ ఒంటిని కిందికి లాగుతారు. తొడల వెనుక కండరాలు బిగుసుకుపోయి ఉన్నవారికి ఆ లాగుడంతా నడుము మీదే పడుతుంది. అదే మనిషి మోకాళ్లను కాస్త మడిచి, తుంటి దగ్గర నుంచి వంగి, అరచేతులను ముందున్న కుర్చీ మీద ఆనిస్తే వీపు తిన్నగా నిలుస్తుంది, ఊపిరి సాఫీగా ఆడుతుంది. ఈ సవరణను ఒక్కొక్కరి పక్కన నిలబడి చేయించాలి. నిండిపోయిన హాలులో అది కుదరని పని. ఆసనం స్థిరంగానూ సుఖంగానూ ఉండాలన్నది యోగ సూత్రాలు రాసిన పతంజలి మాట. ఆ రెండింటిలో ఏది లేకపోయినా కొత్తవారు అక్కడితో ఆగాలి.

మొదటి నెలలో సూర్య నమస్కారాలు, తలకిందులుగా నిలిచే శీర్షాసనం, ఊపిరిని వేగంగా బయటికి వదిలే కపాలభాతి ఉండవు. మొదటి వారమంతా శ్వాస మీదే ఎక్కువ సమయం గడుపుతాం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, ఒక చెయ్యి పొట్ట మీద, ఒకటి ఛాతీ మీద పెట్టుకుంటారు. ఊపిరి తీసుకోమనగానే పొట్టను లోపలికి లాక్కుని భుజాలు పైకెత్తేవారు ఎందరో. గాలి లోపలికి వచ్చేటప్పుడు పొట్ట మీది చెయ్యి పైకి లేవాలి, బయటికి వెళ్లేటప్పుడు దిగాలి. ఇది అలవాటైన తరువాతే మెడ, భుజాలు, నడుము, మోకాళ్లు వదులయ్యే కదలికలు, ఆ పైన తాడాసనం, వృక్షాసనం, భుజంగాసనం, సేతుబంధాసనం వంటివి వస్తాయి. యోగా, ఆయుర్వేదం వంటివాటిని చూసే కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ రూపొందించిన 45 నిమిషాల సాధారణ క్రమంలో కూడా ఈ వదులు చేసే కదలికలు ఆసనాలకు ముందే ఉన్నాయి. మేము దానిని ఆధారంగా తీసుకుని, నెల పొడవునా నిదానంగా చేయిస్తాం. చివర కదలకుండా వెల్లకిలా పడుకునే శవాసనం తప్పనిసరి. పనుల తొందరలో దానిని వదిలేసి వెళ్లవద్దని నా విన్నపం.

ఇక్కడ ఒక విషయం దాపరికం లేకుండా చెప్పాలి. "యోగా చేస్తే షుగర్ మాత్రలు ఆపేయవచ్చా అక్కా?" అని నన్ను తరచుగా అడుగుతారు. ఆపకూడదు. మాత్రలు తగ్గించాలన్నా, మార్చాలన్నా మీ డాక్టరే చెప్పాలి. జబ్బు నయమవుతుందని గానీ, నెలలో ఇన్ని కిలోలు తగ్గుతారని గానీ మా బోర్డు మీద రాయించను. అలా రాస్తే చేరేవారు పెరుగుతారని తెలిసినా ఆ మాట ఇవ్వలేను. యోగా ఖాళీ కడుపుతో చేయాలన్నది మంచి నియమమే. ఉగ్గాని, బజ్జి తిని ఉదయం బ్యాచ్‌కి రావద్దు. మధ్యాహ్నం కడుపునిండా సంగటి తిన్నవారు కనీసం మూడు గంటల తరువాతే సాయంత్రం సాధనకు కూర్చోవాలి. కానీ ఇన్సులిన్ లేదా షుగర్ మాత్రలు వాడేవారికి ఖాళీ కడుపుతో శ్రమిస్తే చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. వారు ముందుగా డాక్టరును అడిగి రావాలి, జేబులో గ్లూకోజ్ పొట్లం ఉంచుకోవాలి, చెమటలు పట్టినా చేతులు వణికినా వెంటనే చెప్పాలి. బీపీ ఎక్కువగా ఉన్నవారు, గ్లకోమా అనే కంటి జబ్బు ఉన్నవారు, హెర్నియా ఉన్నవారు, గర్భిణులు చేరే రోజే ఆ సంగతి మాకు తెలపాలి. తల కిందికి వంచేవి, ఊపిరి బిగబట్టేవి వారి చేత చేయించం.

హాలు గురించి కూడా రెండు మాటలు. నేలంతా మన కడప బండలే. నున్నగా ఉండడం వల్ల పలుచటి మ్యాట్ జారుతుంది, గట్టిగా ఉండడం వల్ల మోకాలి చిప్పలు నొస్తాయి. కాబట్టి మ్యాట్ల కింద పరచడానికి మందపాటి జంపఖానాలు కొన్నాను. మోకాళ్లు మడిచి మడమల మీద కూర్చునే వజ్రాసనంలో మోకాళ్లు సహకరించని వారికి పిక్కకూ తొడకూ మధ్య మడిచి పెట్టుకునే దుప్పట్లు కూడా సిద్ధంగా ఉన్నాయి. అప్పటికీ నొప్పి ఉంటే కుర్చీలో కూర్చోవచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఖరీదైన దుస్తులు అవసరం లేదు. వదులైన చుడీదారు గానీ, ట్రాక్ ప్యాంటు గానీ చాలు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం సాయంత్రం బ్యాచ్ ఉండదు. పగలంతా కాగిన శ్లాబు రాత్రి దాకా సెగ చిమ్ముతూ ఉంటే, ఆ ఉక్కలో ఎవరి చేతనైనా సాధన చేయించడం నాకు సమ్మతం కాదు.

ఫీజు పాత బ్యాచ్‌లకు నెలకు 800 రూపాయలే ఉంటుంది. కొత్తవారి బ్యాచ్‌కు 1,100 రూపాయలు. మనుషులు తక్కువ, అద్దె అదే, అందుకే ఈ తేడా. మొదటి మూడు రోజులు వచ్చి చూసి, నచ్చకపోతే పూర్తి డబ్బు తిరిగి తీసుకోవచ్చు. ఫోనులో చూసి ఇంట్లోనే చేస్తామని అడిగిన కొత్తవారికి ప్రస్తుతం ఆన్‌లైన్ తరగతి ఇవ్వడం లేదు, ఎందుకంటే మీ మోకాలు ఏ దిక్కుకు తిరిగిందో నాకు ఆ తెరలో కనిపించదు. జూలైకి ఇప్పటికే 800 కట్టిన కొత్తవారు మిగతా మొత్తం ఇవ్వనవసరం లేదు. ఆ నెలకు అదే ఫీజుతో కొత్త బ్యాచ్‌లో కూర్చోవచ్చు, సమయం కుదరదనుకుంటే జూన్ 30 లోపు చెప్పి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు.