మన కాలనీ సంఘం వార్షిక నివేదిక: పెట్రోలు ట్యాంకూ, తులసికోట దీపమూ

సభ్యులందరికీ కార్యదర్శి నమస్కారాలు.

ఏటా ఈ నివేదిక కాలువల పూడికతో మొదలై జమాఖర్చులతో ముగుస్తుంది. ఈసారి కాలువల సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను: వానలకు ముందు పూడిక తీయించాం, వానల తర్వాత మళ్లీ పూడాయి. పైడితల్లి అమ్మవారి జాతరలో తొలేళ్ల నాడూ, సిరిమాను నాడూ ఊళ్లనుంచి వచ్చినవారికి మజ్జిగ పంచాం. జమాఖర్చుల కాగితం నోటీసు బోర్డుకు అంటించి ఉంది.

మిగతా నివేదికంతా బండి ట్యాంకు గురించే. దానికి కారణం నేనే కాబట్టి నా తప్పుతోనే మొదలుపెడతాను.

వానల్లో ఒకరోజు నా పాత బండి గంటస్తంభం దగ్గర ఆగిపోయింది. ట్యాంకు మూత చుట్టూ నిలిచే వాననీరు కిందకు పోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది. దాంట్లో మట్టి పేరుకుపోయి నీళ్లు ట్యాంకులోకే దిగాయి. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది, నీరు మరీ ఎక్కువైతే పెట్రోలును వదిలేసి నీళ్లతో పాటు ట్యాంకు అడుగుకు చేరుతుంది. బండికి ముందు అందేది ఆ అడుగు సరుకే. సరే, ట్యాంకు విప్పి కడిగేద్దామని సాయంత్రం అయిదింటికి ముంగిట్లో కూర్చున్నాను. ట్యాంకు కింద పెట్రోలును ఆపే కుళాయిని, అదే కాక్‌ని, సరిగ్గా మూయకుండానే పైపు లాగాను. పెట్రోలు సిమెంటు నేలమీద జారి తులసికోట వైపు సాగింది. అప్పుడే మా అమ్మ సంధ్యాదీపం పట్టుకుని గడప దాటబోతోంది.

పక్కింటి మామ్మ గోడమీంచి కేకేసింది: "ఏటి బాబూ, వాసన ఇంతలా కొడతంది! ఆ దీపం కొండెక్కించమని అమ్మకి చెప్పు ముందు!" అమ్మ ఉన్నచోటే ఆగిపోయింది. నాకు టెన్షన్‌తో చేతులు ఆడలేదు.

మన సభ్యుల్లో బస్సుల డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. పేరు రాయొద్దన్నారు. సంగతి విని నన్ను తిడతారనుకుంటే, "విప్పడం తప్పు కాదు బాబూ, విప్పిన వేళ తప్పు" అన్నారు. ఆదివారం పొద్దుటి తరగతులు అలా మొదలయ్యాయి. కమ్యూనిటీ హాలు బయట, చెట్టు కింద. హాలు లోపల పెడదామన్నవారికి ఆయన ఒప్పుకోలేదు. కార్తీకమాసమంతా తరగతులు ఆపేశాం. ఇంటింటా దీపాలున్న నెలలో ఎవరికీ ఈ సరదా పుట్టించకూడదన్నారు.

ఆయన మొదటి తరగతిలో స్పానర్ ముట్టుకోనివ్వలేదు, ఆవిరి గురించే చెప్పారు. పెట్రోలు సుమారు మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది. మన విజయనగరం ఎండల్లో ఎంత వదులుతుందో మీరే ఊహించుకోండి. ఆ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేలబారున పాకుతుంది. తులసికోట దీపం, అగరొత్తి, పక్కింటి గ్యాస్ పొయ్యి, వరండాలో టక్కుమనే ఇన్వర్టరు, ఏదైనా చాలు. గాలిలో ఈ ఆవిరి 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడే మంట అందుకుంటుంది. అందుకే గాలికి చోటులేని నిండు ట్యాంకుకన్నా, అడుగున కాస్త మిగిలి "ఖాళీ" అనిపించే ట్యాంకు దగ్గరే ఎక్కువ భయపడాలట. నేనిన్నాళ్లూ దీన్ని సరిగ్గా తిరగేసి నమ్మాను.

కార్బురేటర్ బండికి, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే పాతరకం పరికరం ఉన్నదానికి, పని తేలికే. ఇంజను పూర్తిగా చల్లారాలి. బండిని డబుల్ స్టాండు వేసి, సీటు తీసి, బ్యాటరీకి నెగెటివ్ వైరు ముందు విప్పాలి. కాక్ ఆఫ్‌లో పెట్టి, కింద గుడ్డ పరిచి, క్లిప్పు జరిపి పైపును మెల్లగా తిప్పుతూ లాగాలి. పైపులో మిగిలింది కాస్త కారుతుంది. పెట్రోలు మీటరు వైరు కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) ఊడదీయాలి. దీన్ని మర్చిపోయి ట్యాంకు ఎత్తి వైరు తెంపుకున్నవారు మనలో ఇద్దరున్నారు. తర్వాత వెనక బోల్టు విప్పి, వెనకవైపు కొంచెం ఎత్తి సీటు వైపు లాగితే ముందున్న రబ్బరు బుష్‌ల నుంచి జారి వచ్చేస్తుంది. లీటరు పెట్రోలు ముప్పావు కిలో దాకా తూగుతుంది, కాబట్టి ముందే తగ్గించుకుంటే నడుముకు మంచిది. తీసిన ట్యాంకును పాత టైరు మీద పెట్టాలి, కాక్ నేలకు తగలకూడదు.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 (పొగ కాలుష్యానికి పెట్టిన కొత్త ప్రమాణం) బండ్లు చాలావరకు ఇంజెక్షన్‌వే, అంటే పెట్రోలును ఒత్తిడితో ఇంజనులోకి చిమ్మేవి. వాటికి కాక్ ఉండదు, ట్యాంకులోనే పంపు ఉంటుంది, పైపులో ఒత్తిడి చాలా బండ్లలో 3 బార్‌లకు దగ్గరగా ఉంటుంది. కారు టైరులో గాలి కూడా అంత ఉండదు. తిన్నగా పైపు లాగితే పెట్రోలు కళ్లలోకి చిమ్ముతుంది. పంపు కప్లర్ ఊడదీసి ఇంజను స్టార్ట్ చేస్తే కాసేపటికి దానంతటదే ఆగిపోతుంది. ఆ తర్వాతే బ్యాటరీ వైరు, ఆ తర్వాతే గుడ్డ చుట్టి పైపు. లాక్ ఎటు నొక్కాలో బండి బండికీ తేడా ఉంటుంది, మాన్యువల్ చూడకుండా బలం చూపించొద్దు.

బిగించేటప్పుడు పైపు నలగకుండా, వైర్లు ట్యాంకు కింద పడకుండా చూసి, ఇంజను స్టార్ట్ చేసేముందు కారుతోందేమో ఒకసారి కనిపెట్టుకోవాలి. తడిసిన గుడ్డల్ని బయట విడివిడిగా ఆరేయాలి, వాషింగ్ మెషిన్‌లో వేయొద్దు.

తీసిన పెట్రోలు ఎక్కడ పోయాలన్నదానిమీద పెద్ద చర్చే జరిగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు బంకుల దగ్గర క్యూలు చూసినవాళ్లం. అప్పటినుంచి నీళ్ల బాటిల్‌లో లీటరో రెండు లీటర్లో దాచుకోవడం మనలో కొందరికి అలవాటైంది. 1934 నాటి పెట్రోలియం చట్టం సొంతానికి 30 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోనిస్తుంది గానీ, బిగుతైన మూత ఉన్న లోహపు డబ్బాలో పెట్టమంటుంది. గాజు, జాడీ అయితే లీటరుకు మించకూడదు. ప్లాస్టిక్ బాటిల్ అందులో లేదు. నోటితో పైపు పీల్చి తీయడం కూడా మానాలి. పొరపాటున మింగితే వాంతి చేయించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఊపిరితిత్తుల్లోకి వెళితే ఇంకా ప్రమాదం.

సర్వసభ్య సమావేశంలో ఒక్క తీర్మానమే గట్టిగా చేశాం: చిల్లు పడిన ట్యాంకుకు ఇంట్లో ఎవరూ వేడి పెట్టకూడదు, వెల్డింగ్ పేరు ఎత్తకూడదు. హాలు దగ్గర రెండు ఇసుక బకెట్లు, మంటలార్పే పౌడర్ సిలిండర్ ఒకటి పెట్టాం. పెట్రోలు మంటమీద నీళ్లు కొడితే మంట నీళ్లతో పాటు పాకుతుంది, ఆ బకెట్లు అందుకే. పిల్లలు వాటిలో ఇళ్లు కట్టేస్తున్నారు, దయచేసి చూసుకోండి. మంట ఇసుకకు లొంగకపోతే 101కి ఫోన్ చేయాలి.

తరగతులు సంక్రాంతి తర్వాత మళ్లీ మొదలవుతాయి, ఈసారి స్కూటర్లు. సంఘం డబ్బుతో కొన్న పది నంబరు టీ స్పానర్ కార్తీకం ముందునుంచి కనబడటం లేదు. తీసుకెళ్లినవారు పేరు చెప్పక్కర్లేదు, రాత్రిపూట హాలు కిటికీలో పెట్టేసి వెళ్లినా చాలు.

ఇట్లు,
కార్యదర్శి, విజయనగరం