మా అంబాసిడర్ అర తెరిచిన ముగ్గురికి కృతజ్ఞతలు

మా ఇంట్లో 1986 నాటి అంబాసిడర్ మార్క్ 4 ఉంది. నాన్నగారు కొన్న మొదటి కారు అదే, మరొకటి కొనాలని ఆయన ఎన్నడూ అనుకోలేదు. నెల కిందట దాని డ్యాష్‌బోర్డు అర తెరవబోతుండగా తాళంచెవి ఆయన చేతిలోనే విరిగింది. తల భాగం వేళ్ల మధ్య మిగిలింది, పళ్ల భాగం తాళం సిలిండర్‌లో, అంటే తాళంచెవి దూరే గొట్టంలో, ఉండిపోయింది. అర లోపల ఆర్‌సీ, బీమా కాగితాలు, కారు కొన్ననాటి నుంచి పెట్రోలు పోయించిన ప్రతిసారీ ఆయన రాసుకుంటూ వచ్చిన లెక్కల పుస్తకం ఉన్నాయి. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి కదా, ఆ గడువుకు అప్పటికి మూడు వారాలే ఉంది.

నాన్నగారికి డెబ్బై తొమ్మిదేళ్లు. చేయి కొద్దిగా వణుకుతుంది. ఆ రోజు అన్నం దగ్గర కూడా “నా చేతి వల్లే పోయింది” అంటూనే ఉన్నారు. ఆ మాట ఆయన నోట మళ్లీ రాకుండా చేసిన ముగ్గురికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

మొదట కారును ఒక షెడ్డుకు తీసుకెళ్లాం. స్క్రూ డ్రైవర్ దూర్చి మూతను పెకలించడం ఒక్కటే దారి అన్నారు. మూత వంగితే కొత్తది దొరకదు. ఉత్తరపాడా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. నాన్నగారు ఒప్పుకోలేదు. కారు ఇంటికి తెచ్చేశాం.

ఆ సాయంత్రం పక్కింటివారు తెనాలిలో ఉన్న తమ బాబాయిగారికి ఫోను కలిపి నా చేతికిచ్చారు. ఆయన ఉద్యోగమంతా ప్రభుత్వ అంబాసిడర్లు నడుపుతూ గడిపి రిటైరైన డ్రైవరు. నేను చెప్పిందంతా విని ఒకే మాట అన్నారు. “అమ్మా, మూత జోలికి పోవద్దు. ఆ డబ్బాకు కింద కూడా దారి ఉంటుంది.”

మరునాడు వీడియో కాల్‌లో ఆయన చెబుతుండగా ఎడమ సీటు ముందు వెల్లకిలా పడుకుని, టార్చి వేసి చూశాను. మా కారులో ఆ అర గట్టి అట్టతో చేసిన డబ్బా. కింద నుంచి స్క్రూలతో బిగించి ఉంది. తుప్పు పట్టిన ఒక స్క్రూ గంటసేపు కదల్లేదు. ఆయన విసుక్కోలేదు, ఫోను పెట్టేయలేదు. “తొందరపడకు తల్లీ, తలకాయ అరిగిందంటే ఇక రాదు. కాస్త కిరసనాయిలు తగిలించి టీ తాగి రా” అన్నారు. తాగి వచ్చాను, వచ్చింది. డబ్బా కిందికి దిగగానే కాగితాలూ పుస్తకమూ చేతికందాయి. మూత వెనుక, దాన్ని మూసి ఉంచే తాళం నాలుకను పట్టి ఉంచే చిన్న స్క్రూ తీస్తే మూత తెరుచుకుంది. ఆ తరవాత పెద్ద నట్టు వదులు చేస్తే సిలిండర్ మొత్తం నా అరచేతిలోకి వచ్చింది. మూత మీద చిన్న గీత కూడా పడలేదు.

ఇక కొత్త సిలిండర్ కావాలి. విజయవాడ ఆటోనగర్‌లో పాత అంబాసిడర్ సామాను అమ్మే ఒకరికి ఫొటో పంపాను. “పక్కన స్కేలు పెట్టి మళ్లీ తీయండి మేడమ్. ముందువైపు వ్యాసం, నట్టు మరల పొడవు, నాలుక పొడవు, మూడూ కనబడాలి” అన్నారు. ఆ సాయంత్రమే తన దగ్గరున్న పాత తాళాల డబ్బా బల్ల మీద గుమ్మరించి, ఒక్కొక్కటీ కొలిచి, సరిపోయేది చూపించారు. 250 రూపాయలు తీసుకుని ఆర్టీసీ కార్గోలో ఏలూరుకు పంపారు. “సరిపోకపోతే తిప్పి పంపండి, డబ్బు వెనక్కి ఇస్తాను” అని కూడా అన్నారు. అంత చిన్న బేరానికి ఆయన పెట్టిన శ్రద్ధకు ఏ పేరు పెట్టాలో నాకు తెలియడం లేదు. ఆటోనగర్ గురించి ఇకపై ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నేను ఊరుకోను.

సిలిండర్ వచ్చింది, దానికి తాళంచెవి లేదు. మూడో మనిషి ఇక్కడే అడుగు పెట్టారు. ఏలూరులో రోడ్డు పక్కన గొడుగు వేసుకుని మారుతాళాలు చేసే పెద్దాయన. కొత్త తాళంచెవి చేయమని అడిగాను. ఆయన మా కారు తలుపు తాళంచెవి ఇమ్మని, దాన్ని ఆ సిలిండర్ గాడిలో పెట్టి చూశారు. దిగింది. “ఇంకో తాళంచెవి ఎందుకమ్మా, దీనికే తెరుచుకునేలా చేస్తాను. మీ నాన్నగారికి రెండు మోయాల్సిన పని ఉండదు” అన్నారు.

ఆయన పని చేసిన తీరు ఎంత చూసినా తనివి తీరలేదు. స్ప్రింగులు ఎగిరిపోకుండా తువ్వాలు పరిచి, దాని మీద సిలిండర్ లోపలి కడ్డీని బయటికి లాగారు. ఆ కడ్డీలో వరసగా సన్నని ఇత్తడి రేకులు, ఒక్కొక్క దాని వెనుక వెంట్రుకంత స్ప్రింగు. సరైన తాళంచెవి పెడితే రేకులన్నీ కడ్డీ అంచుకు సమంగా దిగుతాయి, అప్పుడే కడ్డీ తిరుగుతుంది. ఒక్కటి పైకి పొడుచుకున్నా తిరగదు. ఆయన తలుపు తాళంచెవి పెట్టి, పొడుచుకున్న రేకుల్ని తీసి చోట్లు మార్చారు. రెండింటికి జోడి కుదరక మా పాత సిలిండర్‌లోవి తీసి వేశారు. చివరి రేకును ఆకురాయితో రెండే రెండు సార్లు రుద్ది, వేలితో తడిమి చూసి, తల ఊపారు.

అంతకుముందే ఆయన ఒక సంగతి అడిగారు: “ఇంట్లో దీని జత ఉందా? తక్కువ వాడింది తీసుకురండి.” అరిగిన తాళంచెవిని చూసి చేస్తే అరుగుదల కూడా నకలవుతుందట. బీరువాలో ఉన్న రెండోది పట్టుకెళ్లాను. రేకులను దానికే అమర్చారు.

పాత సిలిండర్ విప్పి నాన్నగారికి చూపించమని నా చేతిలో పెట్టారు. లోపల నల్లటి జిగురు. ఏళ్ల తరబడి వేసిన నూనెకు దుమ్ము అంటుకుని గట్టిపడింది, రేకులు గాడుల్లో బిగుసుకుపోయాయి. ఇన్నేళ్లు అరిగి పలచబడిన తాళంచెవి ఆ బిగువును తట్టుకోలేకపోయింది. “ఎవరు తిప్పినా విరిగేదే. చేతి తప్పు కాదని చెప్పండి. ఇకమీదట నూనె వద్దు, పెన్సిలు ములుకు పొడి తాళంచెవికి రుద్ది తిప్పితే చాలు” అన్నారు. అడిగిన కూలికి మించి ఇవ్వబోతే తీసుకోలేదు.

బిగించేటప్పుడు తెనాలి బాబాయిగారు మళ్లీ వీడియోలోకి వచ్చారు. “మూత తెరిచే ఉంచి పదిసార్లు తిప్పి చూడు. నాలుక అటు కాకుండా ఇటు తిరిగిందంటే, మూసిన మూత మళ్లీ రాదు” అన్నారు. నిజంగానే మొదటిసారి తిరగేసి బిగించాను. ఆ మాట వినకపోతే మళ్లీ సీటు ముందు వెల్లకిలా పడుకునేదాన్నే.

ఆ జిగురు పట్టిన సిలిండర్ చూపించి పెద్దాయన మాట చెప్పాను. నాన్నగారు కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూశారు. తరవాత కారు ఎడమ సీటులో కూర్చుని, తానే తాళం తీసి, మూసి, మళ్లీ తీశారు. కాగితాలు గడువుకు ముందే రవాణా కార్యాలయంలో ఇచ్చి వచ్చాం. దారిలో పెట్రోలు పోయించి, పుస్తకం తీసి, లీటర్లూ కిలోమీటర్లూ రాశారు. అక్షరాలు వంకరగా ఉన్నాయి. తేదీ మాత్రం ఎప్పటిలాగే కింద గీత గీసి రాశారు.

ఆటోనగర్ అన్నగారికీ, గొడుగు కింద పెద్దాయనకూ నా నమస్కారాలు. బాబాయిగారూ, వచ్చే ఆదివారం నాన్నగారిని కూర్చోబెట్టుకుని అదే కారులో తెనాలి వస్తున్నాం. మీతో కలిసి టీ తాగాలని ఆయన ఇప్పటి నుంచే రోజులు లెక్కపెడుతున్నారు.