ఆ ఆయిల్ మూత సంగతి ఏం చేశావు చంటీ?

చంటీ,

ఇక్కడ మేమంతా క్షేమం. మీ అమ్మకు మోకాలి నొప్పి మునుపటికంటే నయం. పెరట్లో చిక్కుడు పాదు విరగకాసింది, సగం కోసి సుబ్బులు పిన్నికి పంపాం. పాపకు జలుబు తగ్గిందా? రాత్రిపూట చెవులు కప్పి పడుకోబెట్టండి, నిజాంపేటలో చలి ఎక్కువగా ఉందని చిన్ని అన్నాడు.

వాడే ఇంకో మాట కూడా అన్నాడు. నువ్వు కొన్న పాత డీజిల్ కారులో రెండు మూడు రోజులకోసారి కూలెంట్ డబ్బాలో నీళ్లు పోస్తున్నావట. ఆయిల్ పోసే మూత తీస్తే లోపల మీగడలా అంటుకుని ఉందట. నువ్వు ఫోన్ చేసి ఇరవై రోజులైంది. కారు కొనే ముందు మాకు చెప్పలేదని నేనేమీ అనుకోవడం లేదు, నీ సంపాదన నీ ఇష్టం. కానీ ఆ మీగడ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టట్లేదు.

మూత కింద మీగడ కనబడిందంటే ఇంజన్ పోయినట్టే అని భయపడకు. చలికాలంలో రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిప్పితే ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, లోపలి చెమ్మ ఆవిరైపోక మూతకు అలా పడుతుంది. ఒక్కసారి గంటసేపు హైవే మీద తిప్పితే పోతుంది. కానీ నీ బండిలో కూలెంట్ కూడా తగ్గుతోంది, అదే నా భయం. కింద ఎక్కడా కారడం లేదంటే ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నట్టు?

పొద్దున్నే, స్టార్ట్ చేయకముందే, ఆయిల్ గేజ్ పుల్ల తీసి గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి చూడు. పాలు ఎక్కువైన టీ రంగులో ఉన్నా, ఆయిల్ పోయకుండానే మట్టం పై గీత దాటినా నీళ్లు కలిశాయేమో అని అనుమానించాలి. కూలెంట్ డబ్బాలో జిడ్డు తేలుతోందేమో కూడా చూడు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఆ డబ్బా మూత జోలికి పోకు, చెయ్యీ మొహమూ కాలిపోతాయి. చిన్నప్పుడు నీకు కుక్కర్ దగ్గర ఏమైందో గుర్తుంది కదా.

మీ అక్క ఏడాది పిల్లగా ఉన్నప్పుడు శివరాత్రికి అంబాసిడర్‌లో శ్రీశైలం కిరాయి వెళ్లాను. దోర్నాల దాటాక ఘాట్‌లో హోస్ పైపు చిరిగి నీళ్లన్నీ పోయాయి. ఎక్కినవాళ్లు దర్శనం టైమైపోతోందని తొందరపెట్టారు. పైపుకు గుడ్డ చుట్టి, ఇంజన్ చల్లారకముందే చన్నీళ్లు పోసేశాను. అలా పోస్తే ఇంజన్ పైన బిగించి ఉండే హెడ్ వంగుతుంది, ఒక్కోసారి పగులుతుంది. అప్పుడు నాకు ఆ జ్ఞానం లేదు. దర్శనం అయ్యింది, తిరుగు ప్రయాణంలో పైపు మార్చినా నీళ్లు తగ్గుతూనే ఉన్నాయి. వినుకొండలో టీ తాగడానికి ఆగి పుల్ల తీస్తే, గ్లాసులో ఉన్న టీ, పుల్ల మీద ఉన్న ఆయిల్ ఒకే రంగు. అక్కడే ఆపేయాల్సింది. ఎలాగోలా బెజవాడ చేరిపోదాం అనుకున్నాను. నరసరావుపేట ఇంకా రాకముందే కింద నుంచి టకటక మొదలైంది. లారీకి తాడు కట్టించుకుని అర్ధరాత్రి ఆటోనగర్ చేరాను. పొద్దున మస్తాన్ మామ డ్రెయిన్ నట్టు వదులు చేస్తే ముందు నీళ్లు వచ్చాయి, ఆ తర్వాతే ఆయిల్. రాత్రంతా నిలబడితే బరువైన నీళ్లు అడుగుకు దిగుతాయి కదా. నీళ్లు కలిసిన ఆయిల్‌తో బేరింగులు అరిగిపోయి, క్రాంక్ మీద గీతలు పడ్డాయి. వినుకొండలో ఆపి ఉంటే హెడ్ కింద ఉండే గాస్కెట్ మార్చి, హెడ్ చదును చేయించే ఫేసింగ్‌తో పోయేది. మీ అమ్మ గాజులు పోయాయి. ఆవిడ ఈ రోజుకీ ఒక్క మాట అనలేదు.

అందుకే అడుగుతున్నాను, ఆ మీగడ ఇంకా ఉందా?

నీ బండి డీజిల్ కాబట్టి హెడ్ గాస్కెట్టే పోయిందని ముందే తేల్చేయకు. ఆయిల్ ఫిల్టర్ దగ్గర ఆయిల్ కూలర్ ఉంటే, అది లోపల పగిలినా రెండూ కలుస్తాయి. ఇంజన్ తిరిగేటప్పుడు ఆయిల్ ప్రెషర్ ఎక్కువ కాబట్టి ముందు ఆయిలే కూలెంట్‌లోకి వస్తుంది, ఆపాక కూలెంట్ ఒత్తిడికి నీళ్లు ఆయిల్‌లోకి వస్తాయి. కూలర్ మార్చడం, హెడ్ దించడం ఒకే ఖర్చు కాదు. మెకానిక్ హెడ్ దించుతానంటే, ముందు చేతి పంపుతో కూలింగ్ సిస్టమ్‌కు ప్రెషర్ పెట్టి చూడమను. కూలెంట్ మూత మీద రాసి ఉన్నంత, అంటే దాదాపు 1 బార్ ఎక్కించి పావుగంట ఉంచితే, ముల్లు దిగిపోతుందో లేదో తెలుస్తుంది. కూలెంట్‌లో ఇంజన్ పొగ కలుస్తోందేమో బ్లాక్ టెస్ట్ అని నీలం మందుతో కూడా చూస్తారు. దాని రంగు మారలేదని ధైర్యపడకు, గాస్కెట్ ఆయిల్ దారికీ నీళ్ల దారికీ మధ్య పోతే అందులో పొగ కలవదు. నిజంగానే హెడ్ దించితే గాస్కెట్ ఒక్కటే మార్చి బిగిస్తే ఒప్పుకోకు. హెడ్ వంగిందా, పగిలిందా చూపించు, బోల్టులు కొత్తవి వేయించు. తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చి కొద్దిగా తిప్పి మళ్లీ మార్పించు. కూలెంట్‌లో బోరు నీళ్లు పోయొద్దు, డిస్టిల్డ్ వాటరే కలుపు.

అమ్మినవాడు ఫోన్ ఎత్తడం లేదని కూడా చిన్ని చెప్పాడు. నువ్వు అందుకే మాకు చెప్పడం లేదేమో అనిపించింది. మోసపోయానని సిగ్గుపడకు నాన్నా. డబ్బు తక్కువైతే చిట్టీ పాడిన సొమ్ము బ్యాంకులోనే ఉంది.

పండగకి మాత్రం ఆ కారులో రావద్దు. పాపను ఎత్తుకుని సూర్యాపేట దగ్గర రోడ్డు పక్కన నిలబడాల్సి వస్తే ఎలా? బస్సుకు రిజర్వేషన్ చేయించు, బస్టాండ్‌కు నేనొస్తాను. మస్తాన్ మామ ఆదివారం హైదరాబాద్ వస్తున్నాడు, బండి ఎక్కడ ఉందో చెబితే వచ్చి చూస్తానన్నాడు. అప్పటిదాకా తాళం తిప్పకు. రేపు పొద్దున ఆ పుల్ల ఫోటో తీసి పంపు, మూత లోపలిది కూడా. నేను ఐదింటికే లేచి ఉంటాను.

నాన్న