కొత్త విగ్రహం సరే, ఉన్నవాటి కింద నాలుగు ముక్కలు రాయించండి

సంపాదకులకు నమస్కారం.

మా విజయనగరంలో ఇంకో విగ్రహం రాబోతోందని ఈమధ్య మీ జిల్లా పేజీలో చదివాను. ఎవరిది, ఏ కూడలిలో అన్నది ఇక్కడ రాయను. పేరు రాయగానే ఈ ఉత్తరం ఏదో ఒక పార్టీ వాళ్లది అయిపోతుంది, అసలు సంగతి పక్కకి పోతుంది. నా గోడు పెట్టబోయేదాని గురించి కాదు, పెట్టేసి వదిలేసినవాటి గురించి. వాటిలో చాలామటుకు ఎవరివో దారిన పోయేవాళ్లకి తెలీదు, తెలుసుకుందామన్నా అక్కడ దారి లేదు.

నమ్మకపోతే ఈసారి బండి పక్కకి తీసి ఏదో ఒక విగ్రహం కింద ఉన్న రాతి పలక చదవండి. నల్ల గ్రానైటు, బంగారు రంగు అక్షరాలు. పైన ఆవిష్కర్త పేరు, ఆ పేరుకి ముందు గౌరవనీయులు, వెనకాల పదవి. తర్వాత అధ్యక్షత, ముఖ్య అతిథి, విశిష్ట అతిథులు, ఆత్మీయ అతిథులు (విశిష్టులకీ ఆత్మీయులకీ తేడా ఏమిటో ఆ కమిటీకే తెలియాలి), సౌజన్యం, స్థల సహకారం, కమిటీ సభ్యులు, చివర తేదీ. ఆ తేదీ కూడా ఆవిష్కరణ జరిగిన రోజుదే. నిలబడ్డ మనిషి పేరు ఒక్కసారి ఉంటుంది. ఆయన ఎప్పుడు పుట్టాడు, ఎప్పుడు పోయాడు, ఏ ఊరివాడు, ఏం చేశాడని ఊరు ఆయన్ని నడిరోడ్డు మీద నిలబెట్టింది, ఇవేవీ ఉండవు. బొమ్మ చేసిన శిల్పి పేరు కూడా ఎక్కడా కనపడదు. మా వీధి పిల్లలు ఒకాయన్ని 'గోల్డ్ తాత' అంటారు. కిందటి రంగులకి ముందు ఆయన వెండి తాత.

రాయడానికి సరుకు లేక ఇలా జరిగిందంటే సర్దుకోవచ్చు. మనకున్నంత సరుకు ఎన్ని ఊళ్లకుంది చెప్పండి?

గురజాడ అప్పారావు గారినే తీసుకోండి. 1862లో పుట్టి 1915 నవంబరు 30న పోయారు, అంటే 53 ఏళ్లే బతికారు. బతికిన కాలంలో ఎక్కువ భాగం ఈ ఊళ్లోనే, సంస్థానంలో ఉద్యోగం. కన్యాశుల్కం 1892లో మొదటిసారి ఆడింది. డబ్బు తీసుకుని పసిపిల్లల్ని ముసలివాళ్లకిచ్చి కట్టబెట్టే ఆచారం మీద, జనం మాట్లాడే భాషలో రాసిన నాటకం. ఇదంతా కలిపితే నాలుగు వరుసలు. పైగా ఆయన ఉన్న ఇల్లు ఇంకా ఇక్కడే ఉంది కదా. విగ్రహం దగ్గర ఒక బాణం గుర్తు వేసి 'ఇల్లు ఇటు' అని రాస్తే బస్సు దిగి వచ్చినవాళ్లు అటు కూడా వెళ్తారు.

గిడుగు రామమూర్తి గారి విగ్రహానికి శ్రీకాకుళంలో ఏటా ఆగస్టు 29న దండ పడుతుంది, తెలుగు భాషా దినోత్సవం కాబట్టి. మరి ఆయన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారని, మా విజయనగరం మహారాజా వారి స్కూల్లో గురజాడ వారితో కలిసి చదువుకున్నారని, కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణమూ నిఘంటువూ తయారు చేశారని ఎంతమంది పిల్లలకి తెలుసు? 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, ఏళ్ల తరబడి ఉన్న ఆ ఊరు వదిలేసి రాజమండ్రి వెళ్లిపోయారాయన. ఇలాంటి మనిషి కింద కమిటీ కోశాధికారి పేరు రాస్తే ఎవరికేం లాభం?

అన్నిటికంటే నాకు మనసులో గుచ్చుకునేది సంగీత కళాశాల. 1919లో ఆ కాలేజీ ఎందుకు పుట్టిందో తెలుసా? సంస్థానంలో పనిచేసే ఒకాయన కొడుక్కి చూపు లేదు, ఆ అబ్బాయికి సంగీతం చెప్పించాలని ఆయన రాజావారిని అడిగారు. ఒక పిల్లాడిని ఎక్కడికో పంపే బదులు విజయరామ గజపతిరాజు గారు ఊళ్లోనే పాఠశాల పెట్టేశారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, వయొలిన్‌కి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. తర్వాత ఘంటసాల ఇక్కడే చదివారు, పి. సుశీల ఇక్కడే చదివారు. ఆ వాకిట్లో రోజూ వందలమంది బళ్ల మీద పోతుంటారు. చూపులేని పిల్లాడి కోసం పుట్టిన కాలేజీ అన్న ఒక్క వాక్యం రోడ్డు మీదకి కనపడేలా రాసి ఉంటే ఎవరైనా ఒక్క నిమిషం బండి ఆపరా? నేనైతే విగ్రహం కంటే ఆ వాక్యానికే ఎక్కువ ఖర్చు పెడతాను.

మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారి సంగతీ ఇంతే. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరుంది, విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది. ఆయన పుట్టిన వీరఘట్టం ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలోనే లేదు, 2022 నుంచి పార్వతీపురం మన్యంలోకి పోయింది. మా ఊరి స్కూల్లో వ్యాయామం మేష్టారుగా పనిచేసి, ఇక్కడే సర్కస్ కంపెనీ మొదలుపెట్టి, గుండెల మీద ఏనుగుని ఎక్కించుకున్న మనిషి. సిక్స్ ప్యాక్ పిచ్చిలో ఉన్న కుర్రాళ్లకి చెప్పాల్సింది ఇంతకంటే ఏముంటుంది?

విశాఖ మాట వచ్చింది కాబట్టి అదీ చెప్తాను. అక్కడా విగ్రహాల వరస తక్కువేం కాదు, అనుమతుల గొడవలూ తక్కువేం కాదు, అంతా అద్భుతమని నేననను. కానీ బీచ్‌లో 1971 యుద్ధం గుర్తుగా 1996లో కట్టిన స్మారకం చూడండి. ఏటా డిసెంబరు 4న నేవీ వాళ్లు వచ్చి అక్కడ పుష్పగుచ్ఛం పెడతారు. కొంచెం ముందుకెళ్తే కురుసుర జలాంతర్గామి. 2001లో నౌకాదళం నుంచి తప్పించి మరుసటి ఏడాదే ఒడ్డుకి తెచ్చి మ్యూజియం చేశారు. లోపలికెళ్తే ఏ గొట్టం దేనికో చెప్పడానికి మనిషి ఉంటాడు. మా చుట్టాల పిల్లలు అన్నం తినమని పిలిచినా రారు, కురుసురలో టార్పెడో ఎక్కడ పెడతారో మాత్రం పూస గుచ్చినట్టు చెప్తారు. తేడా డబ్బులో ఉందనుకోను. దానికి ఒక యజమాని ఉన్నాడు, చెప్పేవాడు ఉన్నాడు.

మన దగ్గర యజమాని ఎవరు? ఒక విగ్రహం చెయ్యి విరిగి ఇనప చువ్వ బయటికొచ్చిందని చెప్పడానికి ఒక ఆఫీసుకెళ్తే ఆ రోడ్డు మాది కాదన్నారు. ఇంకో ఆఫీసులో రోడ్డు మాదేగానీ విగ్రహం కమిటీది అన్నారు. కమిటీ ప్రెసిడెంటు గారు ఈలోగా పార్టీ మారారు, విగ్రహంలో ఉన్న నాయకుడి పేరెత్తితే ఆయనకి టెన్షన్. చివరికి ఎదురుగా ఉన్న వెల్డింగ్ షాపు కుర్రాడు చువ్వ కోసేసి దాని మీద సిమెంటు మెత్తాడు. పుట్టినరోజున వేసిన దండ పూలు రాలిపోయి, తీగ మాత్రం వర్ధంతి దాకా మెడలోనే తుప్పు పడుతుంది. ఆ తుప్పు నీళ్లు కారి చొక్కా మీద గోధుమ రంగు చార పడుతుంది, దాన్నే మళ్లీ రంగుతో కప్పుతారు. అన్నట్టు ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు చూడాలి శ్రద్ధ. రాత్రికి రాత్రి నిచ్చెనలొస్తాయి, గుడ్డలొస్తాయి, ఒక్క నాయకుడి ముఖం కూడా కనపడనివ్వరు. అంటే ఎక్కడెక్కడ ఏ విగ్రహాలున్నాయో జాబితా ఎవరి దగ్గరో ఉన్నట్టే కదా!

ఇక పాత కట్టడాలు. గంట స్తంభం 1885 నాటిది, ఎనిమిది పలకలుగా 68 అడుగుల ఎత్తు. ఎవరికి దారి చెప్పాలన్నా గంట స్తంభం నుంచే మొదలుపెడతాం, కానీ తలెత్తి చూసేసరికి సగం ఫ్లెక్సీలే. మూడు లాంతర్ల దగ్గర ఉన్న కట్టడాన్ని 2020లో కూడలి అభివృద్ధి పేరుతో కూల్చినప్పుడు ఎంత గొడవైందో మీ పేపర్లోనే వచ్చింది. అది ఏమిటి, ఎందుకు కట్టారు అన్నది చాలామంది కూల్చిన తర్వాత పేపర్లో చదివి తెలుసుకున్నారు. ముందే అక్కడ నాలుగు వరుసలు రాసి ఉంటే యంత్రం నడిపే అబ్బాయైనా ఒకసారి ఆగి అడిగేవాడేమో.

జరిగిన చోటే గుర్తు పెట్టడంలో ఉన్న బలం చూడాలంటే బొబ్బిలి వెళ్లండి. 1757 జనవరి 24న యుద్ధం జరిగిన ఊళ్లో, 1891లో ఆ సంస్థానం వాళ్లే స్తంభం నిలబెట్టారు. ఫ్రెంచి సేనాని బుస్సీతో కలిసి బొబ్బిలి మీదకి వెళ్లింది మా విజయనగరం రాజుగారే. ఇప్పుడు రెండు ఊళ్లూ ఒకే జిల్లా, రెండు ఊళ్ల వాళ్లం ఒకే బస్సులో సీటు కోసం కొట్టుకుంటాం. మళ్లీ ఇదే విజయనగరం సంస్థానానికి చెందిన చిన విజయరామరాజు 1794 జూలై 10న పద్మనాభంలో ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి చనిపోయారు. ఆ కొండ దగ్గర ఆయన స్మారకం ఉంది. ఈ రెంటినీ కలిపి చదివితే గానీ ఈ ప్రాంతం కథ అర్థం కాదు. బొబ్బిలిలో పద్మనాభం గురించి, పద్మనాభంలో బొబ్బిలి గురించి ఒక్కొక్క వాక్యం రాయిస్తే ఏం పోతుంది?

శ్రీకాకుళం జిల్లాలో మందస వైపు గుడారి రాజమణిపురం ఉంది. 1940 ఏప్రిల్ 1న జమీందారీకి ఎదురు తిరిగిన రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపితే చనిపోయిన గున్నమ్మ ఊరు. నిండు గర్భిణి. వీర గున్నమ్మ అని ఆ పక్క ఊళ్లలో ఇప్పటికీ తలుచుకుంటారు. జిల్లా కేంద్రాల్లో మాత్రం ఎన్ని కూడళ్లు తిరిగినా మగవాళ్లే నిలబడి ఉంటారు.

'అయితే గున్నమ్మ విగ్రహం పెడదాం' అని రేపే కమిటీ వేయకండి దయచేసి. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, జనం వాడుకునే స్థలాల్లో కొత్త విగ్రహాలకి రాష్ట్ర ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18నే చెప్పింది. ఆ తర్వాత కూడా రాత్రిపూట దిమ్మె కట్టడం, తెల్లారేసరికి ముసుగు వేసి నిలబెట్టడం, తీయమంటే మనోభావాలు అనడం మనమందరం చూస్తున్నదే. తీసేయమని నేను అడగడం లేదు, అంత ధైర్యం నాకు లేదు. మా మేనమామ ఒకాయన అంటుంటారు, విగ్రహం పెట్టడానికి ఒక ట్రాక్టరు చాలు, తీయడానికి ఒక బెటాలియన్ కావాలని.

అడిగేది చిన్నది. ఎన్నికలప్పుడు వాడే ఆ జాబితా బయటపెట్టండి. ఏ విగ్రహం ఏ ఆఫీసు బాధ్యతో దాని పక్కన రాయండి. ఆవిష్కరణ పలక అలాగే ఉండనివ్వండి, ఎవరి సంతోషమూ పాడు చేయొద్దు, దాని పక్కన ఇంకో పలక పెట్టండి. అయిదారు వాక్యాలు, పెద్ద అక్షరాలు, శిల్పి పేరు. ఏం రాయాలో మన కాలేజీల్లో తెలుగు, చరిత్ర చెప్పే మేష్టార్లు ఉచితంగా రాసిస్తారు, అడిగినవాళ్లు లేరంతే. మీ పేపరు కూడా వారానికి ఒక విగ్రహం చొప్పున జిల్లా పేజీలో వేస్తే ఆ రాతలే తర్వాత పలకల మీదకి ఎక్కించుకోవచ్చు. నవంబరు 30న గురజాడ వర్ధంతికి ఎలాగూ అందరూ దండలతో వస్తారు, మొదటి పలక ఆ రోజుకి తయారుగా ఉంటే బావుంటుంది. దాని ఖర్చు అయ్యకోనేరు గట్టు మీద పొద్దున్నే నడిచే మా బృందం వేసుకుంటుంది. మా పేర్లు మాత్రం దాని మీద వేయొద్దు.

ఇట్లు,
మీ పాఠకుడు,
విజయనగరం