ఆ గరిటె సంగతి

బర్మింగ్‌హామ్,
నవంబరు 9, ఆదివారం

వదినకి,

నమస్కారాలు. అమ్మకీ నాన్నకీ అన్నయ్యకీ కూడా చెప్పు. మేం కులాసా. ఇక్కడ నాలుగున్నరకే చీకటి పడిపోతోంది. పని మామూలే, ఈ నెలతో రాత్రి డ్యూటీలు అయిపోతాయి. డబ్బు మొన్ననే పంపాను, అందే ఉంటుంది.

పున్నమినాడు ఏట్లో దీపాలు వదిలావా? వీధి చివరి ఒడియా వాళ్ళ పిల్లలు అరటి డొప్పల పడవలు వదులుతుంటే, వాటి వెనకాల మోకాళ్ళ లోతు నీళ్ళలో నేను పరుగెత్తడం, గట్టు మీంచి నువ్వు కేకలెయ్యడం, అన్నీ గుర్తొచ్చాయి. అప్పటికి నువ్వు మా ఇంటికొచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. నా తడిబట్టలు అమ్మ చూడకుండా ఆరేసేదానివి.

అన్నయ్య మొన్న ఫోన్లో ఓ మాట చెప్పాడు. మీ అమ్మగారు నీ పెళ్ళికిచ్చిన ఇత్తడి గరిటెని ఆ ఏట్లోనే పడేశావట. రెండేళ్ళ క్రితమే పడేశావట. నాకిప్పుడు తెలిసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు వదినా. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబుదామంటే నువ్వు రెండు ముక్కలు మాట్లాడి అన్నయ్యకి ఇచ్చేస్తావు.

ఆ మార్గశిర లక్ష్మివారం ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్తాను విను. ఇంట్లో ఎవరికీ ఇంతవరకూ పూర్తిగా చెప్పలేదు.

జీడిపప్పు, పల్లీ పడని మా బాబు కోసం నువ్వు చిన్న గిన్నెలో జీడిపప్పు లేకుండా పరమాన్నం వేరే దించావు. పెద్ద గిన్నె కలిపిన గరిటెతోనే అదీ కలిపావు. నువ్వలా చేశావంటే, మేం ఊరొచ్చిన రోజున "పప్పు ఏరేస్తే చాలు వదినా, ఏం కాదు" అన్నది నేను. వాడి డాక్టరు మాకు చెప్పింది అది కాదు. గరిటెకి అంటుకున్న కాస్తే ముప్పు తేవడానికి చాలని ఆవిడ చెప్పారు. పండగపూట నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని తగ్గించి చెప్పాను.

వాడు "నాన్నా, నాలుక మీద చీమలు పాకుతున్నాయి" అన్నాడు. అదే మొదలు. మూతి వాచింది, వంటి మీద దద్దుర్లు లేచాయి. నేనేం చేశానో తెలుసా? అలర్జీ సిరప్ పట్టించి, తగ్గిపోతుందిలే అని పక్కన కూచున్నాను. పావుగంట. ఆ సిరప్ దురద తగ్గిస్తుందే గానీ, గొంతు మూసుకుపోతుంటే, రక్తపోటు పడిపోతుంటే దానివల్ల ఏమీ కాదు. దానికి అడ్రినలిన్ ఒక్కటే మందు. అది నింపిన పెన్నులాంటి ఇంజెక్షను, మేం పెన్ననే అంటాం, మేడ మీద సూట్‌కేసులో ఉంది, తాళం నీ తోడికోడలి పర్సులో ఉంది. వాడు దగ్గి, కక్కి, మెడ వాల్చేసేదాకా నేను లేవలేదు. పెన్ను పొడిచాక వాణ్ణి భుజాన నిలువుగా ఎత్తుకుని ఆటో దాకా పరుగెత్తాను. అదీ తప్పే. అలాంటప్పుడు పడుకోబెట్టి కాళ్ళు కాస్త ఎత్తులో ఉంచాలి.

మన ఊరి ఆసుపత్రిలో ఆ చిన్న డాక్టరమ్మ ఇంకో ఇంజెక్షను తొడలో వేసి, తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెట్టొచ్చని రాత్రంతా పక్కనే ఉంచుకుంది. ఆవిడకి నా దణ్ణాలు. కానీ ఇంటికొచ్చాక వరండాలో అమ్మ నిన్ను "పిల్లాడి తిండి కూడా చూసుకోలేవా" అంటుంటే నేను అక్కడే ఉన్నాను, నోరెత్తలేదు. సూట్‌కేసు సంగతి, సిరప్ సంగతి అప్పుడే చెప్పి ఉంటే ఆ మాట నా మీదికి వచ్చేది. రానివ్వలేదు. క్షమించు వదినా. ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించు. నువ్వు వినిపించకపోతే నేనే చెప్తాను.

వాడికిప్పుడు ఆరేళ్ళు. ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి. బడిలో వాడి పెన్నులు రెండు ఆఫీసు గదిలో, పేరు రాసిన పసుప్పచ్చ డబ్బాలో ఉంటాయి. ఇక్కడ 2017 నుంచి బళ్ళు డాక్టరు చీటీ లేకుండానే అదనంగా పెన్నులు కొని ఉంచుకోవచ్చు. అందుకే వాణ్ణి బడికి పంపినప్పుడు నాకు గుండె కాస్త నిలకడగా ఉంటుంది. పుట్టినరోజు పార్టీలకి పంపాలంటేనే భయం. కేకు ముక్క వాడికి మేమే డబ్బాలో కట్టి పంపుతాం. మిగతా పిల్లలు తింటుంటే వాడు డబ్బా మూత తీసుకుని కూచుంటాడట. ఒక్కనాడూ ఏడవలేదు. ఏడిస్తే బాగుండనిపిస్తుంది నాకు.

నాన్న ఆ దేశం నీళ్ళ వల్లే వచ్చింది, మన ఇళ్ళల్లో ఎవరికుంది ఇది అంటున్నారట. నీళ్ళ వల్ల కాదని చెప్పు. వాడికి పసితనంలో ఒళ్ళంతా గజ్జిలా ఎర్రగా ఉండేది కదా, అలాంటి పిల్లలకి ఈ అలర్జీలు ఎక్కువ వస్తాయి. ఇంకో సంగతి ఉంది, చెప్పాలంటే బాధగా ఉంటుంది. లండన్‌లో డాక్టర్లు అలాంటి పసిపిల్లలకే నాలుగో నెల నుంచి పదకొండో నెల లోపే పల్లీ తినిపించడం మొదలుపెట్టి చూస్తే, ఐదేళ్ళు వచ్చేసరికి వాళ్ళలో పల్లీ అలర్జీ ఐదోవంతుకి పడిపోయింది. 2015లోనే బయటికొచ్చింది ఆ సంగతి. నువ్వు ఉగ్గు పొడి పంపినప్పుడు నాలుగు వేరుశనగ గుళ్ళు వేయించి కలపనా అని అడిగావు. నేనే భయపడి వద్దన్నాను. కలిపి ఉంటే రాకపోయేదని ఎవరూ చెప్పలేరు. అయినా నీ ప్రశ్న నాకు గుర్తొస్తూనే ఉంటుంది. అలాగని ఇప్పుడు చిటికెడు చిటికెడు అలవాటు చేద్దామని నాన్న అంటే మాత్రం ఒప్పుకోకు. అలర్జీ వచ్చేశాక ఆ పని డాక్టర్ల ఎదుట ఆసుపత్రిలోనే మొదలుపెట్టాలి, ఇంట్లో మనంతట మనం కాదు.

మీ అమ్మగారు పలాసలో జీడిపిక్కలు కొట్టినన్నాళ్ళూ చేతులు నల్లబడి బొబ్బలెక్కేవి, ఇదీ అలాంటిదేనా అని అడిగావటగా. కాదు. అది పిక్క తొక్కలో ఉండే నూనె, ఎవరి చర్మాన్నయినా కాలుస్తుంది. వీడికి పడనిది పప్పులోని మాంసకృత్తు. వేయించినా పోదు, ఉడికించినా పోదు. పిస్తా దానికి దగ్గర చుట్టం, అదీ పడదు. మామిడి కూడా ఆ కుటుంబమే గానీ మామిడిపండు వాడికి ఏమీ చెయ్యదు, టెంక దాకా నాకేస్తాడు. నువ్వులూ పడతాయి. కాబట్టి అరిసెలు తింటాడు.

అవును, వస్తున్నాం. సంక్రాంతికి వారం ముందు. టిక్కెట్లు తీసేశాను. విశాఖ నుంచి కారులోనే వస్తాం. పలాసలో రైలు కిటికీ దగ్గరికి జీడిపప్పు పొట్లాలు పట్టుకొస్తారు, వాడితో ఆ దారి వద్దు.

నువ్వు భయపడి వంటింట్లోకి రాకుండా ఉంటానన్నావని అన్నయ్య చెప్పాడు. అలా చెయ్యకు. మేం తెచ్చే డబ్బాల తిండి తినడానికైతే వాణ్ణి అంతదూరం ఎందుకు తేవడం? ఆ పది రోజులూ ఇంట్లోకి జీడిపప్పు, పల్లీ, పిస్తా రాకపోతే సగం గండం గడిచినట్టే. గానుగ పల్లీనూనె అటక మీద పెట్టించు, దాంట్లో పల్లీ సారం మిగిలే ఉంటుంది. నాన్న గొణుగుతారు, పది రోజులకి ఓర్చుకోమను. అరిసెలకి కొత్తగా తెరిచిన పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్టు, కొత్త మూకుడు. పల్లీ చట్నీ రుబ్బిన మిక్సీ జారు ఎంత కడిగినా మూత రబ్బరు సందున ఉండిపోతుంది, కాబట్టి జారు నేనొకటి తెస్తాను. రుబ్బురోలు వద్దు. కొట్లో విడిగా తూచి ఇచ్చే మిక్చరు అసలే వద్దు. ప్యాకెట్టు మీదయితే అలర్జీ చేసేవి ఏమున్నాయో వెయ్యాలని మన దేశంలోనూ నియమం ఉంది, అది చదివి ఇవ్వొచ్చు. అయినా నాకో ఫోటో పెట్టు.

పక్కింటి వాళ్ళు సంక్రాంతికి మకర చౌళ, ఆ బియ్యం ప్రసాదం, పంపుతారు కదా, అందులో జీడిపప్పు ఉంటుంది. కాదనకు, మనసు కష్టపెట్టుకుంటారు. తీసుకుని వాళ్ళ గిన్నెతోనే మేడ మీద పెట్టు. నీ పెద్దాడు ఒడియా బాగా రాస్తాడు, వాడిచేత ఓ కాగితం మీద తెలుగులోనూ ఒడియాలోనూ "ఈ బాబుకి జీడిపప్పు (కాజు), పల్లీ (చినాబాదం) పడవు, అడక్కుండా ఏదీ పెట్టకండి" అని రాయించి వీధి తలుపుకి అంటించమను. పిల్లలు బయట పల్లీ అచ్చు తినొస్తే సబ్బుతో చేతులు, మూతి కడుక్కున్నాకే వాడితో ఆడాలి. శానిటైజరు రాస్తే పల్లీ పోదు.

పెన్నులు ఈసారి నాలుగు తెస్తున్నాం. రెండు ఎప్పుడూ నా మెళ్ళో సంచిలో, రెండు దేవుడి గూట్లో. ఫ్రిజ్జులో పెట్టకూడదు, ఎండ తగలకూడదు. మొదటి రోజే నీకు ఉత్తుత్తి పెన్నుతో నేర్పిస్తాను, సూది లేనిది అది. తొడ బయటి వైపు, నిక్కరు మీంచే గట్టిగా నొక్కి ఉంచాలి. ముందు పెన్ను, తర్వాత 108కి ఫోను, ఆ తర్వాతే ఏడుపు. అయిదు నిమిషాల్లో తెప్పరిల్లకపోతే రెండోది. పనికిరాకుండా పొడిచామేమో అని భయం వద్దు, అవసరం లేకుండా పొడిచినా పిల్లాడికి కాసేపు గుండె దడే. ఆలస్యమైతేనే ప్రమాదం. నేను కూచుండిపోయినట్టు నువ్వు కూచోవు, నాకు తెలుసు. నాకు జ్వరమొస్తే రాత్రంతా మేలుకున్న దానివి.

బాబు నీకో బొమ్మ వేశాడు, ఇందులో పెడుతున్నా. ఆకుపచ్చ చీర నువ్వట. చేతిలో ఉన్నది గరిటె అనుకున్నాను. కాదు, గొడుగట. ఆసుపత్రి నుంచి వస్తూ వాడికి గొడుగు పట్టావు, అది గుర్తుంది వాడికి. పరమాన్నం గుర్తు లేదు. "పెద్దమ్మ అన్నం కలిపి ముద్దలు పెడుతుందా" అని అడుగుతున్నాడు. పెడుతుందని చెప్పేశాను.

అమ్మ మోకాలి నూనె అయిపోయిందా? అన్నయ్యని బీపీ మాత్రలు మానొద్దను. నీ చెప్పుల సైజు రాయి.

వచ్చే ఆదివారం మీ పొద్దుటి పదింటికి ఫోన్ చేస్తాను. అన్నయ్యకి ఇచ్చెయ్యకు.

నీ మరిది