అచ్చులు ఇక్కడ తయారైతేనే బూట్ల పరిశ్రమ నిలుస్తుంది

సంపాదకుల వారికి,

2025-26 కేంద్ర బడ్జెట్ పాదరక్షలు, తోలు రంగానికి కొత్త పథకం ప్రకటించింది. 22 లక్షల మందికి ఉపాధి, 4 లక్షల కోట్ల రూపాయల టర్నోవరు, 1.1 లక్షల కోట్లకు పైగా ఎగుమతులు దాని లక్ష్యం. తోలు వాడని బూట్లకు, విడిభాగాలకు, యంత్రాలకు కూడా సాయం ఇస్తామనడం సరైన ఆలోచన. చైనా తర్వాత అత్యధికంగా పాదరక్షలు తయారుచేసేది మనమే అయినా, ఆగ్రా, కాన్పూర్, ఆంబూరులకు పేరొచ్చింది తోలుతో. ప్రపంచం కొనేవాటిలో ఎక్కువ భాగం తోలు లేనివే. తిరుపతి జిల్లా తడ మండలం మాంబట్టులో అడిడాస్ బూట్లు తయారవుతున్నాయి, వేలాది మహిళలకు పని దొరికింది. ఇది సంతోషించాల్సిన విషయమే. కానీ కుట్టుపని, బిగింపు మాత్రమే ఇక్కడ జరిగి, లాస్టులు (బూటును రూపుదిద్దే పాదం ఆకారపు దిమ్మెలు), సోలు (బూటు అడుగుభాగం) పోతపోసే అచ్చులు, సింథటిక్ బట్ట బయటి నుంచి వస్తే మనకు మిగిలేది కూలి మాత్రమే.

సోలు అచ్చు సంగతే చూడండి. 6 నుంచి 11 సైజు వరకు అమ్మే ఒక్క మోడల్‌కు కనీసం 6 అచ్చులు కావాలి, అర సైజులు కలిపితే 11. డిజైన్ మారితే అవన్నీ మూలకు చేరతాయి. పెద్ద కంపెనీకి ఆ ఖర్చు లక్షల జతల మీద పడుతుంది కాబట్టి తెలియదు. చిన్న యూనిట్ మాత్రం వేరొకరి పాత అచ్చుతోనే సర్దుకుంటుంది, అందుకే బజారులో సోళ్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. లాస్టుదీ ఇదే కథ. యూరప్ పాదానికి చెక్కిన లాస్టు మీద లాగిన బూటు, మునివేళ్ల దగ్గర వెడల్పుగా ఉండే మన పాదాన్ని నొక్కుతుంది. పెద్ద సైజు కొంటే మడమ జారుతుంది.

నాణ్యత విషయంలో ఎక్కువ ఫిర్యాదులు సోలు ఊడటం గురించే. జిగురు చెడ్డదని అందరూ అంటారు, నిజానికి తప్పు చాలాసార్లు అంతకుముందే జరిగి ఉంటుంది. రబ్బరు సోలును గరుకు చేసి, జిగురు పట్టేలా హాలోజెన్ (క్లోరిన్ వంటి రసాయనం) ద్రావణం పూసి ఆరనివ్వాలి. ఈవీఏకి (తేలికైన నురుగు సోలు పదార్థం) వేరే ప్రైమర్, అంటే జిగురుకు ముందు పూసే పూత, ఉంది. పీయూ (పాలీయూరిథేన్) జిగురు పొర పూర్తిగా ఆరాక 60-70 డిగ్రీలకు వేడిచేసి, చల్లారకముందే ప్రెస్సులో నొక్కాలి. వానాకాలం గాలిలో తేమ వల్ల జిగురు ఆరడం ఆలస్యమవుతుంది, అయినా ఆర్డరు తొందరలో ఆ సమయం ఇవ్వరు. ఇక పాలియెస్టర్ రకం పీయూ సోళ్లు గోదాములో ఏళ్ల తరబడి ఉంటే, తేమకు వాటి అణుబంధాలు తెగి పొడి అవుతాయి. తీరప్రాంత గోదాముల్లో నిల్వ ఉంచేవారు తేమను బాగా తట్టుకునే పాలీఈథర్ రకం పీయూ సోళ్లు అడగడం మేలు.

2024 ఆగస్టు 1 నుంచి పాదరక్షలకు బీఐఎస్ ప్రమాణాలను తప్పనిసరి చేసే కేంద్ర నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు అమల్లోకి వచ్చింది కాబట్టి పరీక్షల అవసరం కూడా పెరిగింది. కేంద్ర పథకం డబ్బులో ఒక భాగంతో సూళ్లూరుపేట-తడ ప్రాంతంలో చిన్న యూనిట్లు అద్దెకు వాడుకునే సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే యంత్రాల) అచ్చుల కేంద్రం, సోలు పట్టు కొలిచే పరీక్షా యంత్రం ఏర్పాటు చేయాలని రాష్ట్ర పరిశ్రమల శాఖను కోరుతున్నాం. చెన్నై తోలు పరిశోధన సంస్థ పక్కనే ఉంది. హైదరాబాద్ ఎఫ్‌డీడీఐలో (పాదరక్షల డిజైన్ శిక్షణ సంస్థ) శిక్షణ పొందినవారికి ఈ కేంద్రంలోనే ఉద్యోగమూ దొరుకుతుంది.

— పాదరక్షల తయారీ సాంకేతిక నిపుణులు, సూళ్లూరుపేట