గోడ మీద స్క్రీన్ ఎందుకు తీయించానంటే

అందరికీ నమస్కారం. మన ఫిట్‌నెస్ స్టూడియోలో హార్ట్ రేట్, అంటే గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చూపించే స్క్రీన్ ఏమైందని వారం నుంచి చాలామంది అడుగుతున్నారు. చెడిపోలేదు, నేనే తీయించాను. ఎందుకు తీయించానో, దాంతోపాటు మన విద్యానగర్ క్లాసుల్లో ఇంకేం మారుతున్నాయో ఒకేసారి చెబుతాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, అయినా చదవండి.

ఫిబ్రవరిలో సాయంత్రం బ్యాచ్‌లో ఒకావిడ క్లాసు మధ్యలో కళ్లు తిరిగి కూర్చుండిపోయారు. వయసు 52, చేరి రెండు వారాలే అయింది. మన స్క్రీన్ లెక్క మీకు తెలిసిందే: 220లోంచి వయసు తీసేస్తే వచ్చే అంకెను గరిష్ఠ హార్ట్ రేట్ అనుకుని, అందులో 80 శాతం దాటగానే పేరు నారింజ రంగులోకి మారేది. ఆవిడైతే 134 దాటాలి. ఎంత చేసినా 112 దగ్గరే ఆగింది. నేను స్క్రీన్ చూస్తూ "ఇంకొంచెం అక్కా, ఇంకొంచెం" అని మూడుసార్లు అరిచాను. ఆవిడ మొహం మాత్రం చూడలేదు.

ఆవిడ బీపీకి బీటా బ్లాకర్ రకం మాత్ర వేసుకుంటున్నారని తర్వాత తెలిసింది. గుండె వేగాన్ని తగ్గించడమే ఆ మందు పని. మనిషి ఓపిక మొత్తం అయిపోతున్నా అంకె పెద్దగా పెరగదు. చేరేటప్పుడు మేము నింపించే ఫారంలో ఏ మందులు వాడుతున్నారన్న ప్రశ్నే లేదు. తప్పు పూర్తిగా నాది. ఆవిడ ఇప్పుడు బాగున్నారు, డాక్టర్‌ని అడిగి మళ్లీ వస్తున్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మందులు వాడనివాళ్లకు కూడా ఆ లెక్క ఒక సగటు మాత్రమే. ఒకే వయసున్న ఇద్దరి గరిష్ఠ హార్ట్ రేట్‌లో పది, ఇరవై తేడా ఉండటం మామూలు విషయం. 208లోంచి వయసులో 0.7 వంతు తీసేసే ఇంకో లెక్క 2001లో వచ్చింది కానీ, అదీ సగటే. అలాంటి అంకెను పేర్లతో సహా గోడకెక్కించాను. పైగా గ్రూపులో చేసేటప్పుడు పక్కవాళ్లు ఆగకపోతే మనమూ ఆగం. 26 ఏళ్ల అమ్మాయి పక్కన 58 ఏళ్ల పెద్దాయన అదే వేగంతో బర్పీలు (కిందికి వంగి, కాళ్లు వెనక్కి చాపి, మళ్లీ లేచి ఎగరడం) వేస్తుంటే నేను సంతోషపడ్డానే తప్ప, ఆయన మోకాళ్ల గురించి అడగలేదు.

ఇక మీదట క్లాసు మధ్యలో మీ దగ్గరికొచ్చి "పదిలో ఎంత?" అని అడుగుతాను. కుర్చీలో కూర్చున్నట్టుంటే సున్నా, ఇక ఒక్క క్షణం కూడా చేయలేమనిపిస్తే పది. పడుతున్న శ్రమను మనిషి తానే అంకెతో చెప్పే స్కేలును తయారుచేసింది గున్నార్ బోర్గ్ అనే స్వీడన్ సైకాలజిస్టు. ఆయన మొదటి స్కేలు 6 నుంచి 20 వరకు ఉంటుంది, మనకు పది చాలు. మామూలు రోజుల్లో ఐదు, ఆరు చెబితే నాకు సరిపోతుంది. ఎనిమిది అన్నది వారంలో ఒకటి రెండుసార్లు, అదీ కాసేపు మాత్రమే.

అంకె చెప్పడం ఇబ్బందైతే మాట్లాడి చూడండి. మాట్లాడగలుగుతూ పాట పాడలేకపోతుంటే అది మధ్యస్థ శ్రమ. నాలుగు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తుంటే గట్టి శ్రమ. ఈ పరీక్ష బీటా బ్లాకర్ వేసుకునేవాళ్లకూ పనికొస్తుంది. స్పీకర్ సౌండ్ తగ్గించింది కూడా ఇందుకే. పక్కింటివాళ్ల ఫిర్యాదు వల్ల అనుకున్నారు కొందరు, అది కాదు. ఆ మోతలో ఎవరి మాట వాళ్లకే వినబడేది కాదు, ఇక ఆయాసం ఎలా తెలుస్తుంది?

మెట్ల దగ్గర "టబాటా 45 నిమిషాలు" అన్న బోర్డు కూడా తీసేశాను. 1996లో జపాన్‌లో ఇజుమి టబాటా బృందం ప్రయోగం చేసింది వ్యాయామానికి అలవాటుపడ్డ కుర్రాళ్ల మీద, సైకిల్ మెషీన్ మీద. 20 సెకన్లు ప్రాణం పెట్టి తొక్కడం, 10 సెకన్లు ఆగడం, ఇలా ఏడెనిమిది సార్లు. అంటే నాలుగు నిమిషాలకు మించదు. 45 నిమిషాలు చేయగలుగుతున్నామంటే అది టబాటా కాదనే అర్థం. ఆ పేరు పెట్టి డబ్బు తీసుకున్నందుకు క్షమించండి.

దీనికి పూర్తిగా ఎదురు తప్పు ఇంకొకటి చేశాను. పదిన్నర బ్యాచ్‌లో కొందరు ఏడాదిగా అవే రెండు కిలోల డంబెల్స్ పట్టుకుంటున్నారు, నేనూ ఊరుకున్నాను. కిరాణా కొట్టు నుంచి పది కిలోల బియ్యం సంచి మూడో అంతస్తుకు మోసుకెళ్లే చేతులకు రెండు కిలోలు ఏం పని చెబుతాయి? కండలు పెరిగి మగవాళ్లలా అయిపోతామన్న భయం వద్దు, అంత తేలిగ్గా పెరగవు. పన్నెండు సార్లు ఎత్తితే చివరి రెండూ బరువనిపించాలి, నడుము మాత్రం వంకర పోకూడదు. మంగళ, శుక్రవారాలు ఇక బరువుల క్లాసులే.

మర్నాడు ఒళ్లు నొప్పులు రాకపోతే క్లాసు దండగ అనుకునేవాళ్లకు ఒక మాట. అలవాటు లేని పని చేస్తే నొప్పి వస్తుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. ఎంత లాభం జరిగిందో అది చెప్పదు. కానీ నొప్పి విపరీతంగా ఉండి మూత్రం డికాషన్ రంగులో వస్తే మాత్రం నాకు ఫోన్ చేయడం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఛాతీలో నొప్పి వచ్చినా అంతే.

ఆరు రోజులూ రావాలన్న టెన్షన్ కూడా వద్దు. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, రెండు రోజులు కండరాలకు పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మూడు నాలుగు రోజులు మన దగ్గరికి వచ్చి, ఆదివారం ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద ముప్పావుగంట వేగంగా నడిస్తే సరిపోతుంది.

ఏప్రిల్, మేలలో సాయంత్రం బ్యాచ్ ఆరున్నరకు కాకుండా ఏడుంపావుకు. మనది పై అంతస్తు, స్లాబ్ వేడి అంతసేపు దిగదు. వేడిలో అదే పనికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది, నిన్నటి ఐదు ఇవాళ ఏడవుతుంది. ఏకాదశి ఉపవాసమైనా, రోజా అయినా ముందే ఒక మాట చెప్పండి, ఆ రోజు మీకు తేలిక క్లాసు చేయిస్తాను.

ఇక డబ్బు సంగతి. చెమట సరిగ్గా పట్టడం లేదని ఈ నెల ఏడుగురు మానేశారు. బ్యాచ్‌కు 22 మంది ఉంటే ఒక్కొక్కరినీ అడగడం నా వల్ల కాదు కాబట్టి ఇక 14 మందే. అందుకని నెల ఫీజు 2,200 నుంచి 2,500 చేస్తున్నాను. ఇప్పటికే కట్టినవాళ్లకు వాళ్ల గడువు అయ్యేదాకా పాత ఫీజే. ఇవన్నీ నచ్చకపోతే మిగిలిన రోజుల డబ్బు వెనక్కి ఇస్తాను, మొహమాటపడకుండా అడగండి.

ఈ శనివారం ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకు క్లాసు లేదు, కొత్త ఫారంలు నింపుదాం. బీపీ, షుగర్, థైరాయిడ్, ఏ మాత్రలు వేసుకుంటున్నా ఆ షీట్లు వెంట తెచ్చుకోండి. పేరు గుర్తు లేకపోయినా పర్వాలేదు, చూసి నేనే రాసుకుంటాను.